ల్యాండింగ్‌లో ముక్కు చక్రం విరిగింది, నిజంగా గాలి వల్లేనా?

ప్రశ్న (కడప నుంచి):
మా తమ్ముడు వేరే రాష్ట్రంలో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. మొన్న ఒంటరిగా నడుపుతుంటే సెస్నా 172 (చిన్న ట్రైనింగ్ విమానం) రన్‌వేని తాకి ఎగిరింది, మళ్లీ పడి ఎగిరింది, మూడోసారికి ముక్కు చక్రం విరిగి ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంది. వాడికి దెబ్బల్లేవు, దేవుడి దయ. ఫోన్‌లో "గాలి" అని ఒక్క మాటన్నాడు. అమ్మకింకా చెప్పలేదు.

జవాబు:
గాలి ఒక్కటే కాదన్నా. స్పీడు ఎక్కువుంటే చక్రాలు తాకినా రెక్కల్లో లిఫ్ట్ (పైకి లేపే బలం) మిగిలి ఉంటుంది, అందుకే ఎగురుతుంది. అప్పుడు కంగారుపడి యోక్ (ముక్కును ఎత్తి దించే హ్యాండిల్) ముందుకు తోస్తే ముక్కు చక్రమే ముందు తగులుతుంది. అది సన్నది, బరువు మోయాల్సింది వెనక చక్రాలు. ఒక్కో ఎగురుడికీ దెబ్బ పెరుగుతుంది. మొదటిసారికే ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ చేసుంటే, అంటే దిగకుండా మళ్లీ పైకి లేచి ఇంకోసారి వచ్చుంటే సరిపోయేది. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు పలకలు) దించాక 65 నాట్ల స్పీడు (గంటకు సుమారు 120 కి.మీ.) దగ్గర రావాలి. వాడెంతలో వచ్చాడో అడుగు.

ఇంకొకరు (కర్నూలు):
ప్రొపెల్లర్ తగిలిందంటే ఇంజన్ విప్పి క్రాంక్‌షాఫ్ట్ (లోపల ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు) చూడాల్సిందే. బయటికి బాగున్నట్టే ఉంటుంది, నమ్మకూడదు. ముందు అమ్మకు చెప్పు స్వామీ, వేరేవాళ్ల నోట వింటే ఇంకా టెన్షన్.

ప్రశ్న అడిగినవారు:
అడిగినా. 78 అంట.