గ్రానైట్ గట్టుకీ గోడ టైల్స్‌కీ మధ్య సందు: వైట్ సిమెంటా, ఎపాక్సీనా, సిలికానా?

మారతహళ్ళి కాపురం:
నమస్తే అండి. మా కిచెన్‌లో నల్ల గ్రానైట్ గట్టు, గోడకి తెల్ల టైల్స్. రెండూ కలిసే మూలలో మేస్త్రీ వైట్ సిమెంట్ పూసి వెళ్ళాడు, ఆర్నెల్లకే వెంట్రుకలా చీలింది, మళ్ళీ పిలిస్తే మళ్ళీ అదే పూశాడు, అదీ పోయింది. ఇప్పుడు సింక్ వెనకాల పెచ్చులూడి అగ్గిపుల్ల దూరేంత సందు పడింది, గిన్నెలు తోమిన ప్రతిసారీ నీళ్ళు అందులోకే. కింద కబోర్డ్ వెనక ప్లైవుడ్ ఉబ్బిపోయి ముక్కిన వాసన వస్తుంటే పప్పుల డబ్బాలన్నీ తెచ్చి హాల్లో పెట్టుకున్నా. ఒకాయన ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే రెసిన్ ముద్ద) అంటాడు, షాపాయన ట్యూబులో వచ్చే సిలికాన్ అంటాడు. చేయించినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

అనంతపురం అన్న:
సిలికానే అక్కా. టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు వేరు, ఇది వేరు. గోడ ఒకటి, బండ ఇంకొకటి. ఆ బండ కబోర్డ్ మీద కూర్చోనుంటాది, గ్రైండర్ బరువుకీ స్టవ్ వేడికీ, చెక్క తేమకి ఉబ్బి తగ్గేదానికీ కొంచెం కదుల్తానే ఉంటాది. వైట్ సిమెంట్ సాగదు కాబట్టి పగుల్తాది, ఎంత మంచి మేస్త్రీ పూసినా అంతే. ఎపాక్సీ నీళ్ళు తాగదు, పసుపు మరక అంత సులువుగా పట్టదు, టైల్స్ మధ్యకి చాలా మంచిది, కానీ అదీ రాయిలా బిగుసుకునేదే. సిలికాన్ అయితే రబ్బరులా సాగుతాది. ట్యూబ్ మీద న్యూట్రల్ అని ఉందా చూసి కొనండి, వెనిగర్ వాసన కొట్టే రకం గ్రానైట్ అంచుకి మరక చేసే ఛాన్సుంది. బూజు పట్టని శానిటరీ రకం దొరికితే ఇంకా మేలు.

హొరమావు వదిన:
నేనే చేసుకున్నానండి, సిలికాన్ ట్యూబు, దాన్ని నొక్కే గన్ను, మాస్కింగ్ టేప్ ఉంటే చాలు. మొదటిసారి పాత సిమెంట్ గీకి అదే సాయంత్రం నింపేశా, లోపల తడి ఉండిపోయింది కదా, నెల తిరక్కుండా పాల మీద మీగడలా మొత్తం ఒకే పట్టీగా లేచొచ్చింది, ఏడుపొచ్చింది. రెండోసారి ఆ సిలికాన్ ఒక్క ముక్క మిగలకుండా తీశా, పాతదాని మీద కొత్తది అంటుకోదు. జిడ్డు పోయేలా స్పిరిట్ గుడ్డతో తుడిచి రెండు రోజులు ఫ్యాన్ పెట్టా. పైనా కిందా టేప్ అంటించి, ట్యూబు ముక్కు ఏటవాలుగా కోసి, చెయ్యి ఆపకుండా నింపుకుంటూ పోయి, సబ్బునీళ్ళలో ముంచిన వేలితో ఒక్కసారే రాసి, పైన పొర కట్టకముందే టేప్ లాగేయాలి, ఆలస్యమైతే అంచు కూడా చిరిగొస్తుంది. 24 గంటలు చుక్క నీళ్ళు పడనివ్వలేదు, గిన్నెలు యుటిలిటీలో తోముకున్నాం.

అనంతపురం అన్న:
సందు లోతుగా ఉంటే ముందు ఫోమ్ తాడు దూర్చండి, లేదంటే ట్యూబంతా లోపలికే పోతాది. ఇంకో మాట అక్కా, ఆ తడి మూల నుంచే వస్తాందా సింక్ పైపు నుంచి వస్తాందా? పైపు జాయింట్‌కి టిష్యూ చుట్టి, సింక్ నిండా నీళ్ళు పట్టి ఒకేసారి వదిలి చూడండి.

మారతహళ్ళి కాపురం:
చూశా అన్నా, టిష్యూ పొడిగానే ఉంది. అదే ఇంకోటి సందు కింద గోడకి ఆనించి పైన గ్లాసుడు నీళ్ళు పోస్తే నిమిషంలో తడిసి ముద్దయింది. పాత సిమెంట్ గీకడం మొదలెట్టా, లోపల్నించి నల్లటి బురద వస్తోంది. వదిన చెప్పినట్టు శనివారం దాకా ఆరనిచ్చి ఆదివారం నింపుతా.