డీపీఎఫ్ ప్రాబ్లం ఉన్న కారు అమ్ముతున్నా, కొనేవాళ్ళకి చెప్పాలా వద్దా?

మియాపూర్_డీజిల్:
బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ, 2021 మోడల్. రోజూ మియాపూర్ నుంచి హైటెక్ సిటీ పోయి రావడమే దాని పని, ఆ ట్రాఫిక్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్) మసితో నిండిపోవడం, లైట్ వెలగడం, పవర్ పడిపోయి ఫ్లైఓవర్ ఎక్కడానికి కూడా మొరాయించడం, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే క్లీన్ చేసి పంపడం, మళ్ళీ మొదటికి రావడం. వారంటీ అయిపోయింది, ఫిల్టర్ మార్చాలంటే లక్ష పైమాటే అంటున్నారు. విసుగొచ్చి అమ్మేద్దామని డిసైడ్ అయ్యా, ఆదివారం ఓ పార్టీ చూడ్డానికి వస్తున్నాడు. మెకానిక్ ఏమో స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్ (లోపం ఉందని బండి కంప్యూటర్ రాసుకునేది) క్లియర్ చేస్తా, లైట్ ఆరిపోతుంది, మీరేం మాట్లాడకండి అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

ఓరుగల్లు_పోరడు:
అన్నా అస్సలు చెప్పకు. సెకండ్ హ్యాండ్ బండి కొనెటోనికి తెల్వదా రిపేర్లు ఉంటయని? వాని మెకానిక్‌ను వాడు తెచ్చుకుంటడు, చూసుకుంటడు. నువ్వు నోరు తెరిచినవనుకో రేటు సగం కోస్తడు. నీకు కొత్త బండి అమ్మినప్పుడు సిటీల తిప్పితే ఫిల్టర్ జామైతదని ఎవరన్న చెప్పిండ్రా? నువ్వొక్కనివే హరిశ్చంద్రుడు ఎందుకు కావాలె?

నెల్లూరు_వకీలు:
చట్టం సంగతి చెప్తా. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 17లో ఇలాంటి ఉదాహరణే ఉంది, కాకపోతే కారు బదులు గుర్రం. లోపం ఉన్న గుర్రాన్ని వేలంలో అమ్మేవాడు తెలిసీ ఏం చెప్పకుండా ఉంటే అది మోసం కాదు. కానీ కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటా" అన్నాక కూడా ఊరుకుంటే ఆ మౌనం మాట కిందే లెక్క. ఇక తెలిసి కప్పిపుచ్చడం అయితే సూటిగా మోసమే. అంచేత మీరు మాట్లాడకపోవడం వేరు, కోడ్ చెరిపించడం వేరు. రెండోది మాత్రం వద్దండి.

గోదావరి_గట్టు:
నేను అలా దాచిన బండి కొన్నవాణ్ణండి, అటువైపు నుంచి చెప్తున్నా. టెస్ట్ డ్రైవ్‌లో లైట్లేం లేవు, ఇంటికి తెచ్చాక కొన్నాళ్ళకే మొదలైంది. ఓ రోజు డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టి చూస్తే ఆయిల్ మ్యాక్స్ గీత దాటి పైకుంది, వేలికి రాసుకుంటే నీళ్ళలా పల్చగా జారిపోతోంది, డీజిల్ కంపు. మసి కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ కొడుతుంది, ఆ పని పూర్తవకముందే మనం బండి ఆపేస్తుంటే అది కాస్త కాస్త ఆయిల్లోకి దిగిపోతుంది, ఆ పల్చబడ్డ ఆయిల్‌తో తిప్పితే టర్బోకి, బేరింగ్‌లకి చేటు. ఈ సంగతి అమ్మినాయనకి తెలుసు, నాకు తెలీదు, తెలిస్తే స్కూలూ మార్కెట్టూ తిరగడానికి ఆ బండి కొనేవాణ్ణే కాదు.

ఇక్కడ అందరూ రేటు గురించే మాట్లాడుతున్నారు, అసలు విషయం వదిలేస్తున్నారు. ఇది ఎవరి చేతిలో ఉన్నా వచ్చే రోగం కాదు. ఫిల్టర్ ఇంకా పూర్తిగా పాడవకపోతే వారం వారం విజయవాడ వెళ్ళొచ్చేవాడి దగ్గర ఇదే కారు చాలావరకు గొడవ లేకుండా నడుస్తుంది, హైవే స్పీడ్‌లో ఆపకుండా ఓ అరగంట వెళ్తే మసి కాలిపోతుంది కాబట్టి. మీరు చెప్తేనే కదా అలాంటివాడు ముందుకొచ్చేది, సిటీలో తిరిగేవాడు తప్పుకునేది? చెప్పకపోతే మీ గొడవ తీసుకెళ్ళి ఇంకో మియాపూర్ ఆయన నెత్తిన పెట్టినట్టే. ఆ వచ్చే ఆయన్ని ముందు ఎక్కడ తిప్పుతారో అడగండి, సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ కార్డులన్నీ చేతిలో పెట్టండి. ఇంకోటి, కోడ్ చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా స్కానర్‌లో కనిపిస్తుంది, తెలిసిన మెకానిక్ వస్తే అక్కడే దొరికిపోతారు.

ఓరుగల్లు_పోరడు:
హైవే మీద తిరిగెటోడు దొరికేదాంక బండి ఇంటి ముందట పెట్టుకోవాల్నా? ఈఎంఐ ఎవలు కడ్తరు?

గోదావరి_గట్టు:
ఆ ఈఎంఐ కొన్నవాడికీ ఉంటుంది కదండీ. నేను ఇప్పటికీ కడుతూనే ఉన్నా.

మియాపూర్_డీజిల్:
పార్టీకి ఫోన్ చేసి మొత్తం చెప్పా. ఆయనది సూర్యాపేట, వారానికోసారి హైదరాబాద్ వచ్చిపోతాడంట. రేటు మాత్రం బాగా తగ్గించమంటున్నాడు, నేను ఫిల్టర్ ఖర్చులో సగం వరకే అన్నా. ఆదివారం మెకానిక్‌ని తీసుకుని వస్తున్నాడు, కోడ్లు అలాగే వదిలేశా.

ఓరుగల్లు_పోరడు:
సగం కన్న ఒక్క రూపాయి ఎక్కువ దిగకు అన్నా.