ఐదేళ్ళ పాపని బడికి పంపకుండా బయట తిప్పుతూ, పనులు చేయిస్తూ చదివించొచ్చా?

మియాపూర్_అమ్మ:
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాకు ఇద్దరు. పాపకి ఐదు నిండాయి, బాబుకి మూడు. జూన్‌లో పాపని ఒకటో తరగతిలో వెయ్యాలి. చుట్టుపక్కల బళ్ళన్నీ చూసొచ్చాం, ఎక్కడ చూసినా ఒకటే వరస. ఆరేళ్ళు రాకముందే వీక్లీ టెస్టులు, డైరీ నిండా హోంవర్కు, ఆటస్థలం అంటే సెల్లార్‌లో పరిచిన ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి. యూకేజీకే రోజూ పొద్దున వ్యాను దగ్గర ఏడుపు. అదే పిల్ల మా అమ్మ వాళ్ళ ఊరు వెళ్తే తిండి కూడా గుర్తుండదు, చేలో, పశువుల కొట్టం దగ్గర, చెరువు గట్టు మీద తిరుగుతూ రోజంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. ఆవు ఎప్పుడూ ఎందుకు నములుతూ ఉంటుంది అని అడిగితే మా నాన్న నెమరు గురించి అరగంట చెప్పారు, ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అది అప్పజెప్తుంది.

నేను ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంటున్నా. రెండేళ్ళు బడి ఊసు లేకుండా ఇలా తిప్పుతూ, చేతులతో పనులు చేయిస్తూ నేర్పిద్దామని నా ఆశ. మావారు సరే అన్నారు, కానీ చదవడం రాయడం సంగతి చూసుకోమన్నారు. అత్తయ్యగారికి మాత్రం ఒకటే టెన్షన్, "రేపు ఈ పిల్లని ఏ బళ్ళో చేర్చుకుంటారే?" అని.

నా అనుమానాలు ఇవీ. జూ, బిర్లా ప్లానెటోరియం, సాలార్‌జంగ్ మ్యూజియం అన్నీ చూసేస్తే నెలలో అయిపోతాయి, ఆ తర్వాత ఏం చెయ్యాలి? మాది మూడో అంతస్తు ఫ్లాటు, పెరడు లేదు. చట్టం ఒప్పుకుంటుందా? వేలకు వేలు పోసి కొనే కిట్లు మాత్రం చెప్పకండి, ఇంట్లో రెండు మూల పడి ఉన్నాయి.

విశాఖ_ఆటుపోట్లు:
మీ లిస్టులోవన్నీ టూర్లండీ, ఒకసారి వెళ్ళొస్తే అయిపోతాయి. ఈ వయసు పిల్లలకి కావలసింది మళ్ళీ మళ్ళీ వెళ్ళగలిగే ఒక్క చోటు. మీకు అమీన్‌పూర్ చెరువు దగ్గరే కదా, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. వారం వారం అదే గట్టుకి, అదే చెట్టు కిందికి వెళ్ళండి. మొదట్లో వాళ్ళు పక్షుల్ని చూడరు, నీళ్ళలోకి రాళ్ళు విసురుతారు, మీకు విసుగొస్తుంది. పోనివ్వండి. కొన్నాళ్ళకి "మొన్నున్న కొంగలు ఇవాళ లేవేంటి" అని వాళ్ళే అడుగుతారు, అసలు చదువు అక్కడ మొదలవుతుంది. నత్తగుల్ల కొంగ దగ్గరగా వాలితే దాని ముక్కు చూపించండి, మూసినా మధ్యలో సందు ఉంటుంది. అదెందుకో మీరు చెప్పెయ్యకండి, అది నత్తని పట్టుకునేదాకా చూడనివ్వండి.

మాకిక్కడ సముద్రం. తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గరికి ఆటు వేళ చూసుకుని వెళ్తాం. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ నీళ్ళు బాగా వెనక్కి పోతాయి, అప్పుడు రాళ్ళ గుంటల్లో చేపపిల్లలు, శంఖాన్ని ఇల్లు చేసుకుని తిరిగే పీతలు, వేలు తగిలితే ముడుచుకుపోయే సీ అనిమోన్లు కనిపిస్తాయి. మళ్ళీ ఎప్పుడు వెళ్ళొచ్చో తెలియాలంటే క్యాలెండర్ చూడాలి కాబట్టి మా పెద్దాడు తిథులు తనంతట తనే నేర్చుకున్నాడు. రెండు షరతులు మాత్రం తప్పవు. నాచు పట్టిన రాళ్ళ మీద పిల్లల చెయ్యి వదలకూడదు, బతికున్న శంఖాలు ముట్టకూడదు. కోన్ రకం నత్తలు కుడతాయి, విషం.

పెరడు లేదని బాధపడకండి. బాల్కనీలో ఒక కరివేపాకు కుండీ పెట్టండి, పురుగుమందు కొట్టకండి, అంతే. మూడో అంతస్తుకైనా సీతాకోకచిలుక వెతుక్కుంటూ వచ్చి లేత ఆకు మీద గుడ్డు పెట్టి పోతుంది, లేత పసుపు రంగులో ఆవగింజ కన్నా చిన్నగా ఉంటుంది. అందులోంచి వచ్చిన గొంగళిని చూసి పిల్లలు "ఛీ, పిట్ట రెట్ట" అంటారు. సరిగ్గా పిట్టలు కూడా అలా అనుకోవాలనే ఆ వేషం. పెద్దయ్యాక ఒకసారి కుబుసం విడిచి ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు పుల్లతో మెల్లిగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ములు బయటికి తోసి ఘాటు వాసన వదులుతుంది. ఆ తర్వాత కొమ్మకి నడుం దగ్గర ఒక దారం కట్టుకుని ప్యూపాగా వేలాడుతుంది. మావాడు రోజుకో బొమ్మ గీసి కింద తేదీ వేసేవాడు, ఆ తేదీలతోనే ఒకటి నుంచి ముప్పై దాకా రాయడం వచ్చేసింది. అన్ని గొంగళ్ళూ సీతాకోకలు కావు, కొన్నిటిని పరాన్నజీవి కందిరీగలు లోపల్నుంచి తినేస్తాయి. పిల్ల ఏడుస్తుంది, అది కూడా చూడాల్సిందే మరి.

సిద్దిపేట_టీచర్:
నేను గవర్నమెంటు ప్రైమరీ స్కూల్లో ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకి చెప్పే టీచర్‌ని. బడి మానమని నేను చెప్పలేను, కానీ మీరు అడిగారు కాబట్టి తెలిసింది చెప్తా.

ముందు చట్టం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి వర్తిస్తుంది. పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెప్తుంది, కానీ చేర్పించకపోతే శిక్ష ఏదీ అందులో రాయలేదు. హోంస్కూలింగ్ అన్న మాట మీద చట్టం స్పష్టంగా ఏమీ చెప్పలేదు, అందుకే ఇన్ని అనుమానాలు. మీ అత్తగారికి మాత్రం 4వ సెక్షన్ చెప్పండి, బడికి పోని పిల్లని ఎప్పుడు తెచ్చినా వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. మా బడిలో అట్లనే చేర్చుకుంటం. ప్రైవేటు బళ్ళ సంగతి వేరు, ప్రవేశ పరీక్ష పెట్టొద్దని 13వ సెక్షన్ ఉన్నా ఏదో ఒక పేరుతో పెడుతూనే ఉంటారు, దానికి సిద్ధంగా ఉండండి. మరీ పెద్దయ్యేదాకా ఇంట్లోనే ఉంచితే ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది, ఎ, బి, సి స్థాయిలు 3, 5, 8 తరగతులకి సమానం. పదో తరగతి ఓపెన్‌లో రాయాలంటే 14 ఏళ్ళు నిండాలి.

ఇక అసలు సంగతి. పైన అక్క చెప్పిన సీతాకోక బాగుంది, కానీ చదవడం సీతాకోకని చూస్తే రాదు. తిరుగుళ్ళు ఎన్నున్నా రోజూ ఇరవై నిమిషాలు, ఆదివారం తప్ప, చదువు కోసమే కూర్చోబెట్టాలి. దీన్ని వదిలేసి "పిల్లకి ఇష్టమైనప్పుడు అదే వస్తుంది" అనుకున్న పిల్లలు మా దగ్గరికి మూడో తరగతిలో వస్తారు, "ఘ" కీ "ఝ" కీ, "మ" కీ "య" కీ తేడా తెలియక తల దించుకుని కూర్చుంటారు. పాపం, తప్పు వాళ్ళది కాదు.

ఎట్ల మొదలుపెట్టాలంటే వర్ణమాల మొత్తం బట్టీ పట్టించకండి. వల, తల, అల, పలక లాంటి మాటలు రాయగలిగే ఐదారు అక్షరాలు ముందు. తర్వాత గుణింతాలు. ఒత్తులకి వచ్చేసరికి అందరూ బెదిరిపోతారు గానీ మీ వంటింట్లో చూడండి, పప్పు, ఉప్పు, బెల్లం, అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర. ఏ అక్షరానికి ఆ అక్షరమే ఒత్తు. డబ్బాలకి చీటీలు పాప చేతే రాయించి అంటించండి, తప్పు రాస్తే చింపకండి, వారం తర్వాత తనే దిద్దుకుంటది. అవి వచ్చాకనే వస్త్రం, పద్యం లాంటివి. బయట చూసినదాని గురించి రోజూ ఒక్క వాక్యం రాయించండి. ఒక్కటి చాలు.

కూకట్‌పల్లి_నాన్న:
ఇద్దరం ఉద్యోగాలు చేస్తేనే ఈఎంఐ గడుస్తోంది, ఇవన్నీ ఒకరు ఇంట్లో ఉండగలిగిన వాళ్ళ ముచ్చట్లు. ఇంకో మాట, బడి అంటే చదువొక్కటే కాదు, పిల్ల తన ఈడు వాళ్ళతో కొట్టుకోవాలి, కలవాలి, టిఫిన్ పంచుకోవాలి. చెరువు దగ్గర కొంగతో ఆ పని జరగదు కదండీ.

రాజమండ్రి_తాతయ్య:
నాయనా, నువ్వన్నది నిజమే. అమ్మా, అందుకే సాయంత్రం పూట అపార్ట్‌మెంట్ పిల్లల్ని నలుగుర్ని మీ ఇంటికి రానివ్వు. వామనగుంటలు తీసి చింతగింజలు పొయ్యి, 14 గుంటలు, పంచడం, లెక్కపెట్టడం, దొంగాట, పోట్లాట అన్నీ అందులోనే ఉన్నాయి.

మీ అత్తగారి టెన్షన్‌కి నా దగ్గర మందుంది. ఆవిడనే పంతులమ్మని చెయ్యండి. పాత ఇత్తడి గిద్ద, సోల, తవ్వ ఉంటే దింపమనండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బియ్యం కొలిపించి మానికలో ఎన్ని గిద్దలు పట్టాయో లెక్కపెట్టమంటే పిల్లకి పదహారు వస్తుంది, సగం, పావు అంటే ఏమిటో నేల మీద ఒలికిన బియ్యంతో సహా అర్థమవుతుంది. మా మనవరాలికి అలాగే చెప్పాను. వినాయకచవితికి బజార్లో పత్రి కట్ట కొనకుండా ఇరవై ఒక్క రకాల్లో దొరికినన్ని నడిచి ఏరుకురండి. ఉత్తరేణి రోడ్డు పక్కనే ఉంటుంది, గింజలు బట్టలకి పట్టుకుంటాయి, ఎందుకు పట్టుకుంటాయో పిల్లనే అడగండి. రేగు, మారేడు, జమ్మి, వావిలి పాత పుస్తకంలో పెట్టి ఆరబెడితే ఏడాదంతా ఉంటాయి. ఉమ్మెత్త, గన్నేరు విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, ఆ మూడూ పెద్దవాళ్ళే కోసి, అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మూడేళ్ళవాడు ప్రతీదీ నోట్లో పెట్టుకుంటాడు, వాడి మీద ఒక కన్ను ఉంచు తల్లీ.

డాలస్_నాన్న:
మేం టెక్సాస్‌లో ఇద్దరు పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నాం. ఇక్కడ హోంస్కూల్‌ని ప్రైవేటు బడి కిందే లెక్కేస్తారు, 1994లో టెక్సాస్ సుప్రీంకోర్టు అదే చెప్పింది, ఎక్కడా రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా ఉండటం, ఈ ఐదూ నేర్పాలి. అదే న్యూయార్క్ అయితే ఏడాది ప్లాను ముందే ఇవ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. కాబట్టి "అమెరికాలో అయితే ఇలా" అని ఎవరైనా అంటే ఏ రాష్ట్రమో అడగండి.

స్వేచ్ఛ ఎక్కువైతే వచ్చే ఇబ్బంది కూడా ఉంది, పని జరిగిందో లేదో అడిగేవాడు ఉండడు. టీచర్‌గారు చెప్పిన ఇరవై నిమిషాలు మా ఇంట్లో పొద్దున టిఫిన్ ముందే అయిపోతాయి, ఎందుకంటే తర్వాత అవ్వవు. అక్టోబరులో మోనార్క్ సీతాకోకలు మెక్సికో వెళ్తూ మా మీదుగా పోతాయి, పిల్లలు పెరట్లో వాటికోసం మిల్క్‌వీడ్ పెంచారు. అది జిల్లేడు కుటుంబమే. మన దగ్గర జిల్లేడు మీద కనిపించే నారింజ రంగు ప్లెయిన్ టైగర్ కూడా మోనార్క్ ప్రజాతిదే. వీడియో కాల్‌లో మా అమ్మ గుంటూరు నుంచి ఆ సీతాకోకని చూపిస్తే పిల్లలు పక్కపక్కన పెట్టి బొమ్మలు గీశారు, వాళ్ళు తెలుగులో ఎక్కువసేపు మాట్లాడేది కూడా ఇలాంటివి ఉన్నప్పుడే.

మియాపూర్_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. తాతయ్యగారూ, మీ పోస్టు అత్తయ్యగారికి చదివి వినిపించా. అటక మీద సోల ఉందట, నన్నే ఎక్కి తియ్యమన్నారు. టీచర్‌గారి 4వ సెక్షన్ రెండుసార్లు చదివించుకున్నారు. కూకట్‌పల్లి నాన్నగారూ, మీరన్నది నాకూ గుచ్చుకుంటోంది, సాయంత్రాలు పక్క ఫ్లాట్ల పిల్లలతో మొదలుపెడతా, ఏడాది చూసి పాపకి తోడు చాలట్లేదనిపిస్తే బడే.

ఒకటే మిగిలింది. పాపతో ఆ ఇరవై నిమిషాలు కూర్చున్నప్పుడు చిన్నోడిని ఏం చెయ్యాలి? పెన్సిల్ లాక్కుంటాడు.

విశాఖ_ఆటుపోట్లు:
ఒక బకెట్టు నీళ్ళు, రెండు గ్లాసులు, ఒక గరాటు ఇచ్చి బాల్కనీలో కూర్చోబెట్టండి, అక్కతోపాటు మీ కంటికి కూడా ఆనేలా. ఇరవై నిమిషాలు కాదు, నలభై వస్తాయి. బట్టలు తడుస్తాయి, అంతే. నీళ్ళతో విసుగొస్తే తడి మట్టి.

కరివేపాకు మొక్క కొనడానికి వెళ్తే ఆకులు కొరికేసి ఉన్నదే ఏరుకోండి, గొంగళి అందులోనే ఉండొచ్చు. నర్సరీ అతను వద్దంటాడు, మంచిది ఇస్తానని లోపలికి వెళ్తాడు, మీరు మాత్రం అదే కావాలనండి, ధర కూడా తగ్గిస్తాడు.