పొలెంటాను తెలుగులో ఏమందాం?

బెర్గామో (ఇటలీ) నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేముండేది మిలాన్‌కి దగ్గర్లోని బెర్గామోలో. చలికాలం వచ్చిందంటే ఇక్కడ ఇంటింటా పొలెంటాయే, అంటే నీళ్ళలో ఉడికించిన మొక్కజొన్న రవ్వ. మా అమ్మాయి కోసం ఇంట్లో వండుకునేవన్నీ తెలుగులో రాసిపెడుతున్నాను. దీని దగ్గర ఆగిపోయాను. ‘మొక్కజొన్న ఉప్మా’ అనబుద్ధి కావడం లేదు. పోపు లేదు, రవ్వ వేయించడం లేదు, ఉప్మా ఎలా అవుతుంది?

వండే తీరు చెబుతాను. బ్రమాటా అనే ముతక రవ్వ ఒక గ్లాసుకి నాలుగు గ్లాసుల నీళ్ళు. నీళ్ళు మరిగాక ఉప్పు వేసి, గుప్పిట్లోంచి రవ్వను సన్నగా జారవిడుస్తూ రెండో చేత్తో తిప్పుతూ ఉండాలి. మంట తగ్గించాక 40 నిమిషాలైనా ఉడకాలి. బుడగలు లేచి మీదికి చిమ్ముతుంది కాబట్టి పొడుగాటి కర్ర గరిటె తప్పదు. గిన్నె అంచులు వదిలేస్తే అయినట్టు. చెక్క పలక మీద బోర్లించి దారంతో కోస్తారు. మెత్తగా కావాలంటే ఇంకో గ్లాసో రెండు గ్లాసులో నీళ్ళు పోసి, గరిటెతో పళ్ళెంలోకి జారుస్తారు.

ఇంకొకటి. తిన్నాక కాఫీతో పాటు చిన్న చిన్న చాక్లెట్లు పెడతారు. ‘భోజనానంతర చాక్లెట్లు’ అని రాశాను గానీ నోటికి రావడం లేదు. అన్నట్టు, ఆ చాక్లెట్లు ఎలాంటివి పెట్టాలన్నది కూడా ఎవరైనా చెబితే రాసుకుంటాను.

కరీంనగర్ నుంచి:

అక్కా, కొత్త పేరు ఎతుకుడు ఎందుకు? ఇది మా మక్క గటక. మక్కలు ఇసిరి జల్లిస్తె పిండి కిందికి పోతది, మీద మిగిలిన రవ్వతోని గటక. ఎసరు మసిలినంక రవ్వ పోసి, కలుపుకుంట ఉడకపెడతరు. జొన్నలతోని చేస్తె జొన్న గటక. సల్ల పోసుకొని తింటం, పుంటికూరతోని తింటం. దారంతోని కోసుడు ఒక్కటే మా దగ్గర లేదు.

అనంతపురం నుంచి:

మెత్తగా జారేదాన్ని గటక అంటే ఒప్పుకుంటా. పలక మీద బోర్లించి కోసేంత గట్టిగా ఉంటే మాత్రం అది సంగటే. మా పక్క నూకలు ఉడికినాక రాగిపిండి పైన కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, అప్పుడు కట్టె తీసుకొని గెలుకుతాం. అమ్మా, ‘తిప్పాలి’ అని రాసినావే, అది కొట్టేసి ‘గెలకాలి’ అని రాయి. తిప్పేది పాలను. ఉండలు కట్టకుండా బలం పెట్టి చేసే పనికి గెలకడమే మాట.

హైదరాబాదు నుంచి:

ఇద్దరి మాటా నిలుస్తుందండీ. వంటకం పేరు గింజను బట్టి రాలేదు, ఉడికిన తీరును బట్టి వచ్చింది. పల్చన అయితే అంబలి, జారుడుగా ఉంటే గటక, ముద్ద కడితే సంగటి. గింజ ఏదైనా దాని పేరు ఆ మాటకు ముందు చేరుతుందంతే. ఇటలీలోనూ జరిగింది ఇదే. పొలెంటా అన్న మాట మొక్కజొన్న కంటే చాలా పాతది. లాటిన్‌లో అది బార్లీ పిండి. 16వ శతాబ్దంలో అమెరికా నుంచి మొక్కజొన్న వచ్చాక గింజ మారింది, పేరు ఉండిపోయింది. మీ బెర్గామో కొండల వైపు బక్‌వీట్ అనే గింజల పిండి కలిపి, వెన్నా చీజూ వేసి చేసే పొలెంటా తారాన్యా ఉంది కదా, ఆ ‘తారాన్యా’ గెలికే కర్ర పేరు మీద వచ్చింది. అనంతపురం వారి పట్టుదల ఎంత సరైనదో చూడండి.

పేరుతో పాటు, దేనితో తింటారన్నది కూడా మీ అమ్మాయికి తప్పకుండా రాయండి. ఉత్తర ఇటలీ పేదలు పొలెంటా ఒక్కటే తిని బతికిన కాలంలో చర్మం పగిలి, మతి తప్పి, ప్రాణాలు పోయేవి. ఆ జబ్బుకి ‘గరుకు చర్మం’ అనే అర్థంలో పెల్లాగ్రా అన్న పేరును 1771లో పుస్తకానికి ఎక్కించింది మిలాన్ వైద్యుడు ఫ్రాపొల్లి. కారణం నయాసిన్ అనే విటమిన్ లోపమని తేలడానికి 1937 దాకా పట్టింది. మెక్సికో వాళ్ళు సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి నానబెట్టేవారు కాబట్టి మొక్కజొన్నలోని నయాసిన్ వాళ్ళ ఒంటికి అందేది. గింజ సముద్రం దాటింది గానీ ఆ పద్ధతి దాటలేదు. జొన్నే ఆధారంగా బతికిన దక్కను పేదల్లోనూ ఇదే జబ్బు కనబడితే, ఇక్కడి పోషకాహార పరిశోధకులు డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960లలో దాని మీద ఎంతో పని చేసింది. గటకలో చల్ల పోసుకోవడం, పొలెంటాలో చీజు వేయడం రుచికి మాత్రమే కాదు. పాల ప్రోటీన్‌లోని ట్రిప్టోఫాన్ అనే పదార్థాన్ని ఒళ్ళు నయాసిన్‌గా మార్చుకుంటుంది.

ఇక చాక్లెట్లు. మన విందులో తీపి ముందు వడ్డిస్తాం, పెరుగుతో ముగిస్తాం, ఆ తర్వాత తాంబూలం. చివర తీపి తినే ఘట్టమే లేనప్పుడు దానికి పేరెక్కడ దొరుకుతుంది? ‘అనంతర’ వద్దు. ‘భోంచేశాక చాక్లెట్లు’ అనండి, హాయిగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: మన ఊళ్ళలో కాగితం చుట్టిన ప్రతి బిళ్ళా చాక్లెట్టే, అందుకని ‘కోకో చాక్లెట్లు’ అని ఒకసారి విడమరచండి.

ఎంపిక గురించి నా అభిప్రాయం: చీజు పొలెంటా తిన్నాక పాల చాక్లెట్ వెగటు. 70 శాతం కోకో ఉన్న పల్చటి బిళ్ళలు తాంబూలంలా నోరు శుభ్రం చేస్తాయి. తీపి కావాలనేవారికి టొరీనో వాళ్ళ జాందుయొట్టో, హేజెల్‌నట్ ముద్దతో చేసేది. నాకైతే సిసిలీలోని మోదికా చాక్లెట్ ఇష్టం. పెద్దగా వేడి చేయకుండా చేస్తారు గనుక పంచదార కరగక పంటికింద పలుకులుగా తగులుతుంది. సెలవులకు వచ్చినప్పుడు పశ్చిమ గోదావరి కోకోతో చేసిన బిళ్ళలు కొన్ని పట్టుకెళ్ళండి. కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండే కోకో అది, దేశంలో ఎక్కువగా పండేది ఆంధ్రలోనే.

బెర్గామో నుంచి:

అందరికీ ధన్యవాదాలు. మెత్తటిదానికి ‘మక్క గటక’, కోసేదానికి ‘మక్క సంగటి’ అని రాసేశాను, ‘గెలకాలి’ అని దిద్దాను. అడుగున అంటుకున్న పొరను ఇక్కడి పిల్లలు పోటీపడి గోక్కుని తింటారు. దానికి మీ వైపు ఏమంటారు?

కరీంనగర్ నుంచి:

మాడు అంటం అక్కా. ఇంత ఉప్పేసుకొని తింటం.