ఇంటి వెనక 3 సెంట్ల జాగా, ఉప్పు బోరు: మొక్కలు పెంచి అమ్మితే ఏమైనా మిగులుతుందా?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇంటి వెనక 3 సెంట్ల ఖాళీ జాగా ఉంది, పైన డాబా ఉంది. ఇల్లు మా ఆయన జీతం మీదే గడుస్తోంది. పిల్లలు స్కూలుకు పోయాక మధ్యాహ్నం దాకా నాకు ఖాళీయే. ఇప్పటికే రెండు గుండుమల్లె పొదలు, ఒక కరివేపాకు చెట్టు, తులసి, మందారం ఉన్నాయి. ఇరుగుపొరుగు అడిగినప్పుడల్లా ఊరికే ఇచ్చేస్తున్నా. యూట్యూబ్‌లో చూస్తే ఇంట్లోనే నర్సరీ పెట్టి నెలకు వేలకు వేలు వస్తున్నాయంటున్నారు. మనీప్లాంట్లు, రంగురంగుల క్రోటన్లు పెంచి అమ్మాలని నాకూ ఉంది. బోరు నీళ్లు కాస్త ఉప్పన. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. పెట్టుబడి 5,000 దాటకూడదు. ఎక్కడ మొదలుపెట్టాలి? లైసెన్సులేమైనా కావాలా?

జవాబు (ఒంగోలు నుంచి)

అమ్మాయ్, క్రోటన్ల జోలికి పోవద్దు. మన వీధుల్లో తిరిగే మొక్కల బండ్లలో సగానికి సగం గోదావరి జిల్లా కడియం నర్సరీల సరుకే. వాళ్లకు గోదావరి నీళ్లు, ఒండ్రుమట్టి, తరాల పనితనం ఉన్నాయి. వాళ్లు మొక్క అమ్మే ధరకు మనకు కుండీ కూడా రాదు. వాళ్లు మోసుకురాలేనివి రెండున్నాయి: తెల్లారి కోసి సాయంత్రానికి అమ్ముడుపోవాల్సిన సరుకు, పండగ ముందు రోజు జనం బజారంతా తిరిగినా దొరకని సరుకు. ఆ రెండింటి మీదే నిలబడండి.

మొదట మల్లె. రెండు పొదలున్నాయి కాబట్టి మొక్కలు కొనక్కర్లేదు. మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మల్ని జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా కత్తిరించండి. కింది ఆకులు తుంచేసి, రెండు కణుపులు ఇసుకలో మునిగేలా గుచ్చండి. నీడ ఉండాలి, తడి ఆరకూడదు. మన దగ్గర వానలు ముసురుకునే ఈ అక్టోబరు, నవంబరు నెలల్లో వేళ్లు బాగా పడతాయి. వేళ్లు వచ్చినవాటిని కవర్లలోకి మార్చి, కాస్త బలిశాక నేలలో నాలుగడుగులకొకటి నాటండి. ఇరవై మొక్కలు పెట్టినా మీ జాగాలో మూడో వంతు కూడా పట్టదు. మొదటి ఏడు చేతికి పెద్దగా రావు, రెండో ఏటి నుంచి పూత చూడండి.

ఇక నీళ్లు. కుండీ అంచున తెల్లగా పొర కడుతోందా? ఆకుల కొసలు మాడుతున్నాయా? అయితే ఆ నీళ్లు కుండీలకు పనికిరావు. నేలలో ఉన్న చెట్లకైతే వాన పడ్డప్పుడు ఉప్పు కిందికి దిగిపోతుంది, కుండీలో మాత్రం అక్కడే పేరుకుంటుంది. ఆర్వో ఫిల్టరు వదిలే నీళ్లు మొక్కలకు మంచివని కొందరు చెబుతారు, నమ్మొద్దు. అసలు నీటిలోని ఉప్పంతా వాటిలోకే చేరుతుంది. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టుకోండి, వాటిలో ఉప్పుండదు, కొమ్మలు గుచ్చిన ట్రేలకు భేషుగ్గా ఉంటాయి. వానకాలంలో డాబా గొట్టం కింద ఒక డ్రమ్ము పెట్టండి. బోరు నీళ్లు గన్నేరుకు, కలబందకు పోసుకోండి, అవి ఓర్చుకుంటాయి.

జవాబు (సింగరాయకొండ నుంచి)

కనకాంబరాలు కూడా వేసుకోండి, కానీ ఒకటే మడిలో ఏళ్ల తరబడి వేయొద్దు. ఇసుక నేలల్లో వేళ్లకు నులిపురుగు పడుతుంది. పైకి చూస్తే ఏమీ ఉండదు, మధ్యాహ్నానికి మొక్క వాడిపోయి ఉంటుంది. పీకి చూస్తే వేళ్ల మీద బుడిపెలు కనిపిస్తాయి. వేపపిండి కలిపిన మట్టిలో వేసి, మడి మారుస్తుండాలి. ఢిల్లీ కనకాంబరానికి విత్తనం కట్టదు, కొమ్మలే గుచ్చాలి. నాటు రకమైతే విత్తనాలు వాటంతటవే చిట్లి చుట్టూ మొలుస్తాయి. ఒక్క మాట, పూలు దూదంత తేలిక. కిలో తూగాలంటే వేల పూలు కోయాలి. అందుకే తూకానికి కాకుండా మల్లెలతో కలిపి కట్టి మూరకు అమ్మండి.

జవాబు (కందుకూరు నుంచి)

అందరూ బాగా చెప్పారు కానీ లెక్క ఎవరూ చెప్పలేదు. ఉదాహరణకు 100 కొమ్మలు గుచ్చారనుకోండి. కవరు, మట్టి, ఎరువు కలిపి ఒక్కోదానికి 6 రూపాయలు వేసుకున్నా 600 అయింది. వాటిలో 60 బతికి, 40 అమ్ముడుపోయి, ఒక్కోటి 30కి పోతే చేతికొచ్చేది 1,200. మూడు నెలలు నీళ్లు పోస్తే మిగిలేది 600. మీ కష్టానికి కూలీ అందులో లేదు. వీడియోల్లో చెప్పే వేలు ఇక్కడే ఆవిరవుతాయి. మొక్కలమ్మడం పండగలకు మాత్రమే పెట్టుకోండి, రోజువారీ డబ్బు పూల నుంచి, ఆకుల నుంచి రావాలి.

పండగంటే గుర్తొచ్చింది. మీ తులసి కోట చుట్టూ ఒకసారి వంగి చూడండి, రాలిన గింజల నుంచి వేలెడెత్తు మొలకలు పదులకొద్దీ ఉంటాయి. వాటిని ఇప్పుడే కవర్లలోకి మార్చితే కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి అమ్మకానికి వస్తాయి. వినాయక చవితికి పత్రి కట్టలు ఇంకో దారి. ఏకవింశతి పత్రపూజకు 21 రకాలు కావాలి. గరిక, ఉత్తరేణి, జిల్లేడు ఎక్కడైనా దొరుకుతాయి. మాచీపత్రి, మరువం, దానిమ్మ, విష్ణుక్రాంత దొరక్క బజారులో ఏవేవో ఆకులు కట్టి ఇచ్చేస్తున్నారు. ఆ నాలుగూ మీ దొడ్లో ఉంటే అసలైన కట్టకు జనమే వెతుక్కుంటూ వస్తారు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు కాదనొచ్చు.

జవాబు (నెల్లూరు నుంచి)

లైసెన్సుల సంగతి. ఇంట్లో కాసిన పూలు, ఆకులు అమ్ముకోవడానికి ఏమీ అక్కర్లేదు. మొక్కల మీద జీఎస్టీ లేదు. నిమ్మ, మామిడి లాంటి పండ్ల మొక్కలు పెంచి నర్సరీగా అమ్మాలంటే మాత్రం ఉద్యానశాఖ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. కరివేపాకు ఎండబెట్టి పొడి చేసి ప్యాకెట్లు కడితే అది ఆహార వ్యాపారం, ఎఫ్ఎస్ఎస్ఎఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. రైతుబజారు రైతులకు ఉద్దేశించింది, అక్కడ అమ్మాలంటే రైతుగా గుర్తింపు కార్డు ఉండాలి. ఇంటి తోట ఉందని చోటివ్వరు. డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడే అడిగి చూడండి, పెట్టుబడికి అప్పు వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చుకునే పని ఉండదు.

కరివేపాకు గురించి ఒక ముక్క. ఆకులు దూయకండి, రెమ్మల్ని కొమ్మతో సహా కత్తిరించండి, ఆ చోట కొత్త చిగుళ్లు పుడతాయి. ఆకు మీద పిట్టరెట్టలా కనిపించేది కదిలిందంటే అది పురుగే. పెద్దయ్యాక పచ్చగా మారి ఒక్క రాత్రిలో కొమ్మను మోడు చేస్తుంది. మందు కొట్టొద్దు, తినే ఆకు కదా. పొద్దున్నే చేత్తో ఏరేయండి. పక్కనే నిమ్మచెట్టుంటే దాన్నీ చూడండి, అదే పురుగు దానికీ పడుతుంది.

కావలి నుంచి

చాలా థ్యాంక్సండీ. క్రోటన్లు మానేశా. ఒక్క టెన్షన్ మిగిలింది. ఇన్నాళ్లూ ఊరికే ఇచ్చినవాళ్లను ఇప్పుడు డబ్బులెలా అడిగేది? పక్కింటి అత్తగారు పొద్దున్నే బుట్ట పట్టుకుని వస్తారు. కాదంటే ముఖం మాడ్చుకుంటారు. ఇంకోటి, మల్లె పొదల్ని ఇప్పుడే బాగా కత్తిరించేయమంటారా?

జవాబు (ఒంగోలు నుంచి)

అడగొద్దు. ఆమెకు దేవుడి పటానికి నాలుగు మొగ్గలు ఎప్పటిలాగే ఇవ్వండి. కానీ కోత మీ చేతిలో ఉండాలి. బుట్టతో ఆమె వచ్చేసరికే మొగ్గలు కోసి తడిగుడ్డలో చుట్టేసి ఉంటే, చెట్టు దగ్గరికి పోయే పనే ఉండదు. పూలు పక్కింటివాళ్లకు అమ్మితే రోజూ చిన్నచిన్న మాటలొస్తాయి. గుడి దగ్గర పూలమ్మే ఆవిడతో మాట్లాడుకోండి, ధర వారానికొకసారి తేల్చుకోండి. మొగ్గలు తెల్లారకముందే, విచ్చుకోకముందే కోయాలి. సాయంత్రానికి విచ్చితేనే గిరాకీ. మీరే కట్టి ఇస్తే విడిపూల కంటే ఎక్కువొస్తుంది. చేతికి అలవాటయ్యేదాకా మెల్లగా పోతుంది, అంతే.

పొదల్ని ఇప్పుడే కత్తిరించొద్దు. నాటుకోవడానికి కావలసిన కొమ్మలు మాత్రం తీసుకోండి. తుపాను వానలు వెళ్లిపోయాక నీళ్లు తగ్గించి, డిసెంబరు ఆఖర్లో నేలకు అడుగున్నర ఎత్తున కోసేయండి, ఆకులు కూడా దూసేయండి. తర్వాత పశువుల ఎరువు వేసి మళ్లీ నీళ్లివ్వండి. ఎండలు మొదలయ్యేసరికి మొగ్గలేస్తాయి. ఎండలు ముదిరాక ఆకుల అడుగున ఎర్రనల్లి పడుతుంది, పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. ఆ నీళ్లు మాత్రం బోరువి కాకుండా చూసుకోండి.