2014లో క్యాంటర్‌ని డేవ్ బ్రాట్ ఓడించడం వెనక అసలు లెక్క ఏమిటి?

కృష్ణాతీరం (ప్రశ్న):
2014 జూన్ 10న అమెరికాలోని వర్జీనియా 7వ నియోజకవర్గం రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నిక) ప్రతినిధుల సభ మెజారిటీ లీడర్ ఎరిక్ క్యాంటర్ ఓడిపోయారు. గెలిచింది ఆష్‌లాండ్‌లోని ర్యాండాల్ఫ్-మేకన్ కాలేజీ ఎకనామిక్స్ ప్రొఫెసర్ డేవ్ బ్రాట్. దాని గురించి ఎక్కడ చదివినా ఒకటే ముక్క: 50 లక్షల డాలర్లు పెట్టినాయన 2 లక్షలు పెట్టినాయన చేతిలో ఓడారని. ఎలా ఓడారన్నది మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు.

బ్రాట్ నేపథ్యం ఏమిటి? క్రాస్ ఓటింగ్‌తోనే, అంటే డెమోక్రాట్లు వచ్చి వేసిన ఓట్లతోనే, గెలిచారన్న మాట నిజమేనా? ఇలాంటి కొత్త మనిషి బ్యాలెట్ ఎక్కాలంటే ఏమేం చేయాలి? అంత పెద్ద గెలుపు గెలిచి 2018లో మళ్ళీ ఎందుకు పోగొట్టుకున్నారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

హనోవర్‌రోడ్:
నేపథ్యం ముందు చెప్తాను. పుట్టింది డెట్రాయిట్‌లో, 1964లో. హోప్ కాలేజీలో డిగ్రీ, ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీలో డివినిటీ మాస్టర్స్, అమెరికన్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ. 1996 నుంచి ర్యాండాల్ఫ్-మేకన్‌లోనే పాఠాలు. స్వేచ్ఛా విపణిని మత నైతికతతో కలిపి మాట్లాడే అలవాటు ఆ చదువుల్లోంచి వచ్చిందే. ‘ఊరూపేరూ లేని ప్రొఫెసర్’ అని రాస్తుంటారు గానీ, ఆయన రాష్ట్ర రాజకీయాలకి కొత్త కాదు. రాష్ట్ర సెనేటర్ ఒకరి దగ్గర పనిచేశారు. గవర్నర్ల ఆర్థిక సలహా బోర్డులో ఉన్నారు. 2011లో రాష్ట్ర శాసనసభకి రిపబ్లికన్ టికెట్ అడిగితే రాలేదు.

డబ్బు పోలిక గురించి ఒక మాట. క్యాంటర్ 50 లక్షల పైన ఖర్చు పెట్టిన మాట నిజమే, కానీ అదంతా ఆ ప్రైమరీ కోసం కాదు. పార్టీ నాయకుడిగా దేశమంతా తిరిగి నిధులు పోగుచేసే ఖర్చు కూడా అందులోనే ఉంది. స్టేక్‌హౌస్ బిల్లులే 1,68,000 డాలర్ల పైచిలుకు. బ్రాట్ మొత్తం ప్రచారానికి అయిన ఖర్చు దానికి కాస్త ఎక్కువ, అంతే. పైగా క్యాంటర్ ఖర్చులో కొంత బ్రాట్‌కే పనికొచ్చింది. ‘లిబరల్ ప్రొఫెసర్’ అంటూ టీవీ ప్రకటనలు వేయడంతో, అప్పటిదాకా బ్రాట్ ఎవరో తెలియని ఇళ్ళలో కూడా ఆయన పేరు తెలిసింది. పోటీలో ఇంకొకరున్నారని ఓటరుకి చెప్పింది క్యాంటర్ ప్రచారమే.

బ్రాట్ పట్టుకున్న అంశం వలస విధానం. పెద్ద కంపెనీలకి చవక కూలీలు కావాలి, క్యాంటర్ వాళ్ళ పక్షాన ఉన్నారు అన్నదే రోజూ చెప్పిన మాట. జాతీయ స్థాయి టీ పార్టీ (పన్నులు, ప్రభుత్వ ఖర్చు తగ్గించాలనే సంప్రదాయవాదుల ఉద్యమం) సంస్థలు డబ్బు పెట్టలేదు. స్థానిక టీ పార్టీ బృందాలు గడపగడపకీ తిరిగాయి. సంప్రదాయవాద రేడియో వ్యాఖ్యాతలు లారా ఇంగ్రహం, మార్క్ లెవిన్ మద్దతిచ్చారు. ఇంగ్రహం అయితే పోలింగ్‌కి వారం ముందు హెన్రికో కౌంటీకే వచ్చి సభ పెట్టారు.

అసలు హెచ్చరిక నెల ముందే వచ్చింది. మే 10న నియోజకవర్గ పార్టీ సమావేశంలో క్యాంటర్ మనిషి చైర్మన్ పదవి పోగొట్టుకున్నారు, క్యాంటర్ ప్రసంగిస్తుంటే సొంత పార్టీవాళ్ళే అరిచి గోల చేశారు. దానికి కారణం స్లేటింగ్. సమావేశంలో కాస్త మెజారిటీ ఉన్న వర్గం ప్రతినిధుల జాబితా మొత్తం తమవాళ్ళతో నింపేసి అవతలివాళ్ళని బయట కూర్చోబెట్టడం. ఆ ఎత్తుగడతో కోపం పెంచుకున్న కార్యకర్తలే జూన్‌లో బ్రాట్‌కి ఉచితంగా పనిచేశారు. నా దృష్టిలో ఆ గెలుపుకి మొదటి కారణం ఇదే.

పోలింగ్‌లెక్క:
క్రాస్ ఓటింగ్ సంగతి అంకెల్లో చూడండి. వర్జీనియాలో పార్టీ పేరుతో ఓటరు నమోదు లేదు, ఎవరైనా ఏ ప్రైమరీలోనైనా ఓటు వేయొచ్చు. ఆ రోజు ఆ నియోజకవర్గంలో డెమోక్రాట్లకి తమ ప్రైమరీ కూడా లేదు. కాబట్టి కొంతమంది వచ్చి వేసి ఉంటారు.

కానీ 2012 ప్రైమరీలో పోలైనవి 47 వేల ఓట్లు, క్యాంటర్‌కి 37 వేల పైన. 2014లో పోలైనవి దాదాపు 65 వేలు, క్యాంటర్‌కి 29 వేల లోపు, బ్రాట్‌కి 36 వేల పైన. అంటే కొత్తగా 18 వేల ఓట్లు రావడమే కాదు, క్యాంటర్ పాత ఓట్లలో 8 వేలకు పైగా జారిపోయాయి. వచ్చిన కొత్తవాళ్ళందరూ డెమోక్రాట్లే అనుకున్నా ఆ జారుడుకి సమాధానం దొరకదు. బ్రాట్‌కి గట్టి ఆధిక్యం ఇచ్చింది హనోవర్ లాంటి పక్కా రిపబ్లికన్ కౌంటీలు. శాతాల్లో బ్రాట్‌కి 55.5, క్యాంటర్‌కి 44.5.

క్యాంటర్ సొంత సర్వే మే చివర్లో 62–28 అని చూపించింది. 34 పాయింట్ల ఆధిక్యం! తప్పు ఎక్కడంటే ‘ఓటు వేయబోయేవాళ్ళు’ ఎవరన్న అంచనాలో. పాత ప్రైమరీల్లో ఓటు వేసిన చరిత్ర ఉన్నవాళ్ళ చుట్టూ నమూనా గీస్తే, ఈసారి కొత్తగా బయల్దేరేవాళ్ళు ఆ జాబితాలోనే ఉండరు. ప్రైమరీ సర్వే చదివేటప్పుడు ఎవరు ముందున్నారన్నది తర్వాత, నమూనాలోకి ఎవరిని తీసుకున్నారన్నది ముందు చూడాలి.

ఇంకోటి, పోలింగ్ రోజు పొద్దున క్యాంటర్ ఉన్నది వాషింగ్టన్‌లో, నిధుల సమావేశంలో.

కృష్ణాతీరం:
8 వేల ఓట్లు జారిన సంగతి నేను ఎక్కడా చూడలేదు, ధన్యవాదాలండి. బ్యాలెట్ ఎక్కే పద్ధతి కూడా ఎవరైనా చెప్తారా? మన తెలుగువాళ్ళలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు చందా ఇవ్వొచ్చా అని కూడా చాలామంది అడుగుతున్నారు.

సంతకాలషీటు:
వర్జీనియాలో ప్రతినిధుల సభకి పార్టీ ప్రైమరీలో దిగాలంటే ఆ నియోజకవర్గపు ఓటర్లు 1,000 మంది సంతకాలు కావాలి. ఫీజు ఆ పదవి వార్షిక జీతంలో 2 శాతం. జీతం 1,74,000 డాలర్లు, అంటే ఫీజు 3,480.

ఫీజు కంటే సంతకాల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ఎన్నికల ఏడాది జనవరి 1కి ముందు పెట్టినవి చెల్లవు. షీటు పట్టుకు తిరిగే మనిషి ఎదుటే సంతకం జరగాలి, అలా జరిగిందని ఆ మనిషి షీటు మీద ప్రమాణం చేయాలి. షీటు ఆఫీసు బల్ల మీద వదిలేసి సాయంత్రం తీసుకుంటే మొత్తం షీటే పోతుంది. ఓటరు నమోదైన ఇంటి చిరునామా రాయకుండా పోస్టాఫీసు బాక్స్ నంబరు రాస్తే సరిపోల్చడం కుదరదు. అన్నిటికన్నా ఎక్కువ పోయేవి పక్క నియోజకవర్గం వాళ్ళవి. 2014లో హెన్రికో కౌంటీ రెండుగా చీలి 7లో కొంత, 3లో కొంత ఉండేది. సూపర్‌మార్కెట్ ముందు నిలబడి అడిగితే రెండు వైపులవాళ్ళూ సంతకం పెట్టి వెళ్తారు. అందుకే 1,000 కావాలంటే 1,600 తగ్గకుండా తీసుకోవాలి, ఏ రోజువి ఆ రాత్రే ఓటరు జాబితాతో సరిచూసుకోవాలి.

ఫెడరల్ వైపు: వసూలైనా ఖర్చైనా 5,000 డాలర్లు దాటిన 15 రోజుల్లో ఎఫ్ఈసీకి (ఫెడరల్ ఎన్నికల కమిషన్) అభ్యర్థిగా ఫారం 2, ఆ తర్వాత 10 రోజుల్లో కమిటీ పేరుతో ఫారం 1. ట్రెజరర్ లేకుండా ఒక్క డాలరు తీసుకోకూడదు, ఖర్చు పెట్టకూడదు. ప్రైమరీకి 12 రోజుల ముందు ఒక రిపోర్టు వెళ్ళాలి. అందులో ప్రైమరీకి 20 రోజుల ముందు వరకూ లెక్క ఉండాలి. ఆ తర్వాత 1,000 డాలర్లు, అంతకు మించి వచ్చిన ప్రతి చెక్కుకీ 48 గంటల్లో నోటీసు. ప్రచారం ఉధృతంగా ఉండే రోజులవి కాబట్టి మర్చిపోయేది దీన్నే. ఒక మనిషి ఒక ఎన్నికకి ఇవ్వగలిగింది 2014లో 2,600, 2025–26కి 3,500. ప్రైమరీ వేరు, జనరల్ వేరు.

ఇక మనవాళ్ళ సంగతి. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 వాళ్ళు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, భోజనం టికెట్టు కొన్నా చందా కిందే లెక్క. జీతం లేకుండా స్వచ్ఛందంగా ఫోన్లు చేయొచ్చు, కరపత్రాలు పంచొచ్చు. డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న నిర్ణయాల్లో మాత్రం కూర్చోకూడదు. ‘నా డబ్బు మీరు మీ పేరుతో ఇవ్వండి’ అంటే అది ఇంకా పెద్ద నేరం. కన్సల్టెన్సీ నడిపేవాళ్ళు గమనించాలి: కార్పొరేషన్ చెక్కు అసలు చెల్లదు. ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) అయితే అది ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) దగ్గర కార్పొరేషన్‌గా పన్ను కడుతోందా, భాగస్వామ్యంగానా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎందుకొచ్చిన గొడవ, సొంత ఖాతా చెక్కు ఇవ్వండి. చందాలు 200 డాలర్లు దాటితే పేరు, చిరునామా, వృత్తి, యజమాని పేరు రిపోర్టులో వస్తాయి, ఎవరైనా చూడొచ్చు.

హనోవర్‌రోడ్:
2018 ప్రశ్న మిగిలింది కదా. 2014 నవంబరులో బ్రాట్ డెమోక్రాట్ జాక్ ట్రామెల్‌ని సునాయాసంగా దాటారు. ఆయనా అదే కాలేజీ ప్రొఫెసరే. క్యాంటర్ ఆగస్టులోనే రాజీనామా చేసినందువల్ల ఉప ఎన్నిక కూడా అదే రోజు జరిగి, బ్రాట్ నవంబరు 12నే ప్రమాణం చేశారు. 2015 జనవరిలో స్పీకర్‌గా సొంత పార్టీ నాయకుడు జాన్ బేనర్‌కి ఓటు వేయలేదు, ఫ్రీడమ్ కాకస్‌లో (సభలో గట్టి సంప్రదాయవాద రిపబ్లికన్ల బృందం) చేరారు. మాట ఇచ్చినట్టే నడిచారు, అందులో అనుమానం లేదు.

కాళ్ళ కింద నేల మారింది. పక్కనున్న 3వ నియోజకవర్గాన్ని జాతి ప్రాతిపదికన గీశారని కోర్టు కొట్టేయడంతో 2016కి కొత్త మ్యాపు వచ్చింది. బ్రాట్‌కి ఆయువుపట్టైన హనోవర్, దానితోపాటు న్యూ కెంట్, 1వ నియోజకవర్గంలోకి వెళ్ళిపోయాయి. బదులుగా పౌహటన్, అమీలియా, నాటొవే వచ్చాయి, కానీ అవి తక్కువ జనాభా ఉన్నవి. ఇక హెన్రికో, చెస్టర్‌ఫీల్డ్ శివార్లే తూకం తేల్చేవి.

2017 మేలో ఒబామాకేర్ (ఒబామా హయాంలో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం) రద్దు బిల్లుకి బ్రాట్ అవునని ఓటేశారు. 2018లో ఎదురుగా వచ్చిన అబిగెయిల్ స్పాన్‌బర్గర్, మాజీ సీఐఏ అధికారి, ఆరోగ్య బీమా మీదే ప్రచారం నడిపారు. పది కౌంటీల్లో ఎనిమిది బ్రాట్‌వే. పోయిన రెండూ హెన్రికో, చెస్టర్‌ఫీల్డ్. తేడా 7 వేల ఓట్ల లోపు. హనోవర్ ఆ మ్యాపులో ఉండి ఉంటే ఆ తేడా పూడేదన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు రిచ్‌మండ్ చుట్టుపక్కల ఉంటూ పాత పుస్తకాల్లో ‘7వ నియోజకవర్గం’ చూసి అది మనదే అనుకోవద్దు. 2022 ఎన్నికల మ్యాపుతో ఆ నంబరు ఉత్తర వర్జీనియా వైపు జరిగిపోయింది. సంతకాలు తీసుకునే ముందు ఎవరి చిరునామా ఎందులో పడుతుందో రాష్ట్ర ఎన్నికల శాఖ సైట్‌లో ఇంటి నంబరుతో సహా కొట్టి చూడండి, వీధికి అటూ ఇటూ కూడా నంబరు మారుతుంది.