ఉపగ్రహాలుండగా సర్వే ఓడలు దేనికి?

బీచ్‌రోడ్_వాకర్: మూడ్రోజులుగా చూస్తున్నా, తెల్ల ఓడ ఒకటి ఆర్కే బీచ్ ఎదురుగా పొలం దున్నినట్టు అటూ ఇటూ తిరుగుతోంది. సముద్ర పటాల కోసం లోతు కొలుస్తున్నారట. ఉపగ్రహం ఫొటో తీస్తే పోయేదానికి ఇంత డీజిలా?

పాత_సర్వేయర్: దున్నడమే సార్, చాలు పక్కన చాలు. ఉపగ్రహానికి అడుగు కనబడాలంటే నీళ్లు తేటగా, లోతు తక్కువగా ఉండాలి. లక్షదీవుల్లో సరే, వానాకాలం మన బురదనీళ్లలో దానికేం కనబడుతుంది? మేం శబ్దం పంపి, అది తిరిగొచ్చే టైముని బట్టి లోతు కడతాం. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది గానీ వేడిని బట్టీ, ఉప్పుని బట్టీ మారిపోతుంది. ఆ వేగం సెకనుకి 20 మీటర్లు తప్పు లెక్కేస్తే 50 మీటర్ల లోతు దగ్గర అర మీటరు పైనే తేడా. అందుకే ఓడాపి, పరికరాన్ని తాడు కట్టి దింపి ఆ వేగం కొలుస్తాం. ఓ మధ్యాహ్నం బద్ధకించి నేనది ఎగ్గొట్టాను. సాయంత్రానికి తెరమీద చదునైన అడుగు రెండంచులూ పైకి లేచి నవ్వుతున్న మూతిలా కనబడింది. మర్నాడు ఆ చాళ్లన్నీ మళ్లీ తిరిగాం. తిట్లు సరేసరి.

మధురవాడ_టెకీ: అయితే డ్రోన్లు పెట్టండి.

పాత_సర్వేయర్: పెట్టారు బాబూ. 1981 నుంచి పనిచేసిన నేవీ సర్వే ఓడ, పాత సంధాయక్, 2021లో ఇక్కడే రిటైరైంది. 2024 ఫిబ్రవరిలో అదే పేరుతో వచ్చిన కొత్త ఓడలో నీళ్లకింద తనంతట తానే తిరిగే యంత్రం ఉంది. దాన్ని మోసుకెళ్లి దింపి, మళ్లీ పైకి లాగడానికి ఓడే కావాలి.

జాలారిపేట_కుర్రోడు: అంతా బాగానే ఉందన్నా. మీ బోటొచ్చి వలలు తీసేయమంటాది. పోయినేడు ఏదో సర్వే బోటు మా అయ్య వల సగం కోసుకుపోనాది. అడిగితే మేం కాదన్నారు. ఆ పటాలు పెద్ద ఓడలకి, మాకేటి?

పాత_సర్వేయర్: వల విషయంలో న్యాయం నీదే తమ్ముడూ. ముందురోజే ఊళ్లోకొచ్చి తెలుగులో చెప్పాలి. మా రోజుల్లో మైకులో హిందీలో అరిచేవారు, మీవాళ్లు చెయ్యూపి ఊరుకునేవారు. కానీ పటం నీకెందుకనకు. మునిగిన బోటు ఎక్కడుందో అందులో వేస్తారు. వల చిరిగేది అక్కడే.

జాలారిపేట_కుర్రోడు: అది మా తాతకి పటం లేకండానే తెలుసు. డాల్ఫిన్ నోస్ లైట్‌హౌసు, ఎనకాల కొండ, రెండూ ఒకే వరసలోకొస్తే అక్కడ వలెయ్యడు.

పాత_సర్వేయర్: ఏ కొండ? తాతగారిని అడిగి చెప్పు. పటంలో ఉందో లేదో చూస్తా.